ఇల్లు ముందు... కారు వెనక!

అరిజోనా ఎడారిలో ఓ చిన్న ఊరు. ఎండాకాలంలో కాకి కూడా వాలదు. చలికాలం వచ్చిందంటే మాత్రం చక్రాల మీద నడిచే ఇళ్లు బారులు తీరతాయి. చాలా ఇళ్ల వెనక తోకలా ఓ కారు! ఆ తోకని సరిగ్గా కట్టడం తెలియకపోతే... కారు గేర్‌బాక్సు పోవచ్చు, ప్రాణాలూ పోవచ్చు. అమెరికాలో ఇల్లు మారే మనవాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు తప్పని విద్య అది.

జనవరి నెల పొద్దుటి పూట. ఎడారి మీద ఎండ అప్పుడప్పుడే పరుచుకుంటోంది. కనుచూపు మేరా రాళ్లూ రప్పలూ, ముళ్లపొదలూ, చేతులు పైకెత్తి నిలబడ్డట్టుండే నిలువెత్తు జెముడు చెట్లూ. వాటి మధ్య... ఇళ్లు! పదులూ వందలూ కాదు, వేలల్లో. ఒక్కదానికీ పునాది లేదు. అన్నింటికీ చక్రాలే. కొన్ని మన ఆర్టీసీ బస్సంత ఉంటే కొన్ని వ్యానంత. లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది. బయట మడతకుర్చీలో కాఫీ తాగుతూ తాతయ్య, కుక్కని తిప్పుకొస్తూ బామ్మ.

ఊరి పేరు క్వార్ట్‌సైట్. ఫీనిక్స్ నుంచి లాస్ ఏంజెలిస్ వెళ్లే ఇంటర్‌స్టేట్ 10 రహదారి మీద, కాలిఫోర్నియా సరిహద్దుకి కూతవేటు దూరంలో ఉంటుంది. కూతవేటంటే అమెరికా లెక్కలో... ఓ ఇరవై మైళ్లు! 2020 జనాభా లెక్కల ప్రకారం ఈ ఊళ్లో ఉన్నది రెండున్నర వేలమంది లోపే. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ఎండకి వాళ్లలోనూ చాలామంది తలుపులు బిగించుకుని కూర్చుంటారు. అదే చలికాలంలో అయితే, మంచుకి తట్టుకోలేక అమెరికా ఉత్తర రాష్ట్రాల నుంచీ కెనడా నుంచీ పెద్దవాళ్లు బయల్దేరి వచ్చేస్తారు. మన నేలపట్టుకి గూడబాతులు వచ్చినట్టు! అందుకే వాళ్లని అక్కడ 'స్నోబర్డ్స్' అంటారు... మంచు పక్షులన్నమాట.

ఊరిచుట్టూ ఉన్న బీడంతా కేంద్ర ప్రభుత్వానిదే. అందులో లా పోసా అనే చోట సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకూ మకాం పెట్టుకోవచ్చు. దానికి పర్మిట్ తీసుకుంటే చాలు. అయితే బండి పక్కన కరెంటు ప్లగ్గు ఉండదు, కుళాయి ఉండదు. నీళ్లు ట్యాంకులో తెచ్చుకోవాలి, కరెంటు పైకప్పు మీది సౌర పలకలే ఇవ్వాలి. జనవరిలో ఇక్కడ ఆర్వీల ప్రదర్శన జరుగుతుంది. రంగురాళ్ల సంత సరేసరి. ఆర్వీ అంటే రిక్రియేషన్ వెహికల్... చక్రాలమీది ఇల్లు.

వచ్చేవాళ్లంతా పింఛను డబ్బుతో కులాసాగా తిరిగేవాళ్లే అనుకుంటే పొరపాటు. సొంతిల్లు పోయి, బండినే ఇల్లు చేసుకున్నవాళ్లూ వీళ్లలో ఉంటారు. 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న 'నొమాడ్‌ల్యాండ్' చెప్పింది అలాంటివాళ్ల కథే. అందులో కొంత భాగం ఈ ఊళ్లోనే తీశారు.

బస్సేసుకుని బజారుకెళ్తారా?

ఇల్లే బండి అయినప్పుడు వెనక మళ్లీ కారెందుకు? ఎవరికైనా వచ్చే అనుమానమే. జవాబు కూడా అంత తేలిగ్గానే దొరుకుతుంది. పాల ప్యాకెట్ అయిపోయింది అనుకోండి... ముప్ఫై అడుగుల బస్సుని కదిలించాలంటే గుడారంలా చాచిన పందిరి ముడవాలి, కుర్చీలు లోపల పెట్టాలి, అల్మరాలోని గిన్నెలు దొర్లకుండా తలుపులు బిగించాలి. పక్కకి జరిపిన గది గోడల్ని మళ్లీ లోపలికి లాక్కోవాలి. ఇంతా చేసి బజారుకెళ్తే ఆ బస్సుని ఆపేందుకు చోటుండదు.

పాల సంగతి సరే. ఇక్కడికొచ్చేవాళ్లలో చాలామంది డెబ్భై దాటినవాళ్లు. రాత్రిపూట గుండెల్లో నొప్పి వస్తే ఉత్తరాన ముప్ఫై అయిదు మైళ్ల దూరంలోని పార్కర్‌కో, నది దాటి కాలిఫోర్నియాలోని బ్లైత్‌కో పరుగెత్తాలి. అప్పుడు ఆదుకునేది వెనకాల కట్టుకొచ్చిన ఆ చిన్న కారే.

చూడాల్సిన చోట్లకీ అదే దిక్కు. క్వార్ట్‌సైట్‌కి దక్షిణాన కోఫా అభయారణ్యం ఉంది. కొండగొర్రెల కోసం 1939లో ఏర్పాటుచేశారు. ఆ పేరు వెనక ఓ తమాషా ఉంది. అక్కడ ఒకప్పుడు 'కింగ్ ఆఫ్ అరిజోనా' అనే బంగారు గని ఉండేది. ఆ పేరులోని పొడి అక్షరాలే కోఫా అయ్యాయి. ఈ అరణ్యంలో పామ్ కాన్యన్ అనే ఇరుకు లోయలో, నిట్టనిలువు రాతి పగులు మధ్యలో, ఎవరూ నాటకుండానే పెరిగిన తాటిజాతి చెట్లు గుంపుగా కనిపిస్తాయి. చుట్టూ మైళ్లకొద్దీ ఎర్రటి బండలు... మధ్యలో ఆ పచ్చదనం! అక్కడికి వెళ్లాలంటే తారురోడ్డు దిగి ఏడు మైళ్లు మట్టిదారిలో పోవాలి. పెద్ద బస్సుతో ఆ గతుకుల్లోకి దిగాలంటే గుండె ధైర్యం ఉండాలి. కారుంటే అరగంట పని.

ఒంటెలు లాగిన దారి

ఈ ఎడారిలో బరువులు లాగే గొడవ ఈనాటిది కాదు. ఊరి శ్మశానంలో రాళ్లు పేర్చి కట్టిన ఓ చిన్న పిరమిడ్ ఉంది. దాని కొన మీద రాగితో చేసిన ఒంటె బొమ్మ. ఆ సమాధి హాజీ అలీ అనే ఒంటెలవాడిది. 1850ల్లో అమెరికా సైన్యానికి ఓ ఆలోచన వచ్చింది. నీళ్లులేని ఈ నైరుతి ఎడారుల్లో గుర్రాలూ కంచరగాడిదల కంటే ఒంటెలే సరుకు బాగా మోస్తాయి కదా అని. 1856లో ఓడల మీద ఒంటెల్ని టెక్సాస్‌ తీరంలో దించారు. వాటితోపాటే ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచి హాజీ అలీ కూడా వచ్చాడు. ఒంటెలు బరువులు బాగానే మోశాయిగానీ వాటిని చూసి గుర్రాలు బెదిరేవి. ఇంతలో అంతర్యుద్ధం వచ్చిపడింది, సైన్యం ఒంటెల్ని మర్చిపోయింది. హాజీ అలీ మాత్రం ఈ ఎడారిని వదల్లేదు. 1902లో ఇక్కడే కన్నుమూశాడు. 1935లో రాష్ట్ర రహదారుల శాఖ ఈ పిరమిడ్ కట్టించింది.

అమెరికన్ల నోట హాజీ అలీ పేరు తిరగలేదు. 'హై జాలీ' అన్నారు. సమాధి మీద కూడా అదే పేరు! వెంకటేశ్వర్లు వెంకట్ అయ్యి, ఆ వెంకట్ కాస్తా 'వెన్' అయిపోయిన మనవాళ్లకి ఆ బాధేమిటో వేరే చెప్పక్కర్లేదు.

మూడు దారులు... ఒక డాలీ

ఒంటెల కాలం పోయింది. ఇప్పుడు కారుని ఇంటి వెనక కట్టుకురావడానికి మూడు దారులున్నాయి. మొదటిది- కారు నాలుగు చక్రాలూ నేలమీదే ఉంచి, ముందుభాగానికి ఇనుపకడ్డీ బిగించి లాగడం. రెండోది- కారు మొత్తాన్ని ట్రెయిలర్ మీదికి ఎక్కించేయడం. ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉండేదే టో డాలీ. చూడ్డానికి చిన్న రెండు చక్రాల బండి. ముందు పొడవాటి ఇనుప మెడ, వెనక రెండు ర్యాంపులు. కారు ముందు చక్రాలు రెండూ దానిమీదికి ఎక్కుతాయి. వెనక చక్రాలు రోడ్డుమీదే దొర్లుతూ వస్తాయి. నగరాల్లో పాడైన కారుని రికవరీ వ్యాను మూతి పైకెత్తి లాక్కుపోవడం చూస్తుంటాంగా... దాదాపు అలాంటిదే.

నాలుగు చక్రాలూ నేలమీద ఉంచి లాగడం అన్నింటికన్నా సులువు. కానీ అన్ని కార్లకీ అది పడదు. ఆటోమేటిక్ కార్లలో చాలావాటికి గేర్‌బాక్సులో నూనె తిప్పే పంపు ఇంజన్ నడిస్తేనే నడుస్తుంది. ఇంజన్ ఆపేసి కారుని లాగితే చక్రాలతోపాటు లోపలి పళ్లూ తిరుగుతుంటాయి. వాటికి నూనె మాత్రం అందదు. కొన్ని గంటల్లో గేర్‌బాక్సు మాడి మసైపోతుంది. జీప్ రాంగ్లర్‌లో చక్రాల నుంచి గేర్‌బాక్సుని విడదీసే ఏర్పాటు ఉంది కాబట్టి ఆర్వీల వెనక అది ఎక్కువగా కనిపిస్తుంది. హోండా సీఆర్-వీకి కూడా ఒకప్పుడు ఈ వర్గంలో మంచి గిరాకీ ఉండేది. 2015 మోడల్‌తో గేర్‌బాక్సు రకం మారింది, ఆ వెసులుబాటూ పోయింది. దాంతో పాత సీఆర్-వీని అంత తేలిగ్గా వదులుకోనివాళ్లు ఎంతమందో!

మరి మిగతా కార్ల సంగతి? అక్కడే డాలీ అక్కరకొస్తుంది. ఇంజన్ బలం ముందు చక్రాలకి వెళ్లే కార్లయితే ఆ ముందు చక్రాలు డాలీ మీద కదలకుండా కూర్చుంటాయి కాబట్టి గేర్‌బాక్సుకి ఏ ఢోకా ఉండదు. సివిక్ లాంటివి ఈ కోవలోకే వస్తాయి. వెనక చక్రాలతో నడిచే కార్లకి ఇది కుదరదు. నేలమీద దొర్లేవి ఆ చక్రాలే కాబట్టి కథ మళ్లీ మొదటికొస్తుంది. కారుని తిప్పి, వెనకభాగాన్ని డాలీ మీదికెక్కిస్తే సరి అనుకునేవాళ్లూ ఉంటారు. ఆ తెలివి వద్దు. ఇంజన్ బరువంతా వెనక వేలాడుతూ బండి చేపతోకలా ఊగడం మొదలెడుతుంది.

నాలుగు చక్రాలకీ బలం అందే కార్లని, విద్యుత్ కార్లని డాలీ జోలికి తేకపోవడమే మంచిది. టెస్లా అయితే నాలుగు చక్రాలూ నేలకి తగలకుండానే తీసుకెళ్లాలని కంపెనీయే చెబుతుంది. చక్రం తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది మరి. ఇక్కడ ఇంకో చిక్కుంది. రావ్-4, కామ్రీ లాంటి కార్లు ఒకే పేరుతో రెండు రకాలుగానూ వస్తున్నాయి. పక్కింటాయన కామ్రీని డాలీ మీద తీసుకెళ్లాడు కదా అని మీ కామ్రీని ఎక్కించేస్తే వేల డాలర్లు గాలికి పోయినట్టే. కారు వెనక ఏడబ్ల్యూడీ అనే మూడక్షరాలు ఉన్నాయేమో చూడాలి. దాంతోపాటు ఇచ్చిన పుస్తకం తీసి లాగడం గురించిన పేజీ చదవాలి. కారు కొన్ననాటి నుంచీ ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో కవరు విప్పకుండానే పడుంటుంది చాలామందికి.

తూకం తప్పితే...

డాలీ కొనేటప్పుడు చాలామంది ధర చూస్తారు, రంగు చూస్తారు. చూడాల్సింది తూకం. డాలీయే రెండు మూడొందల కిలోలుంటుంది. దానిమీద కారు పద్నాలుగొందల కిలోలనుకోండి... అంతా కలిపి ఇంటి వెనక వేలాడుతుంది. ప్రతి మోటార్ హోమ్‌కీ తనూ తన వెనకున్నదీ కలిపి ఎంత బరువుండొచ్చో కంపెనీ ఓ హద్దు పెడుతుంది. వెనకనున్న హిచ్‌కి ఇంకో హద్దు. ఈ రెండింట్లో ఏది తక్కువైతే అదే లెక్క. నీళ్ల ట్యాంకు నింపి, సామానంతా సర్దాక లారీల కాటా మీద ఓసారి తూయిస్తే అసలు సంగతి బయటపడుతుంది.

బ్రేకుల సంగతి మరీ ముఖ్యం. బండిని ముందుకి లాగడం ఒక ఎత్తు. ఆపడం పది ఎత్తులు! వెనకాల బ్రేకుల్లేని టన్నున్నర బరువు ఉంటే, ముందుబండి ఆగినా అది తోసుకుంటూనే వస్తుంది. కొండ దిగేటప్పుడు ఆ తోపుకి మోటార్ హోమ్ బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. అందుకే అమెరికాలో చాలా రాష్ట్రాల్లో లాగే బరువు 3,000 పౌండ్లు... అంటే సుమారు 1,360 కిలోలు దాటితే దానికి సొంత బ్రేకులుండాలన్న చట్టముంది. హద్దు రాష్ట్రానికోలా మారుతుంది. డాలీ బ్రేకులు రెండు రకాలు. ఒకటి తోపుతో పనిచేసేది. ముందుబండి నెమ్మదించగానే డాలీ మెడ దానిమీదికి ఒత్తుకుంటుంది, ఆ ఒత్తిడితోనే దాని బ్రేకులు పడతాయి. రెండోది కరెంటుది. డ్రైవరు దగ్గర చిన్న పెట్టె ఉంటుంది. ఎంత గట్టిగా పట్టాలో అందులో సరిచేసుకోవచ్చు. తేలిగ్గా అయిపోవాలంటే మొదటిది. కొండదారులు ఎక్కువుంటే రెండోది నయం. బ్రేకులే లేని డాలీ చవగ్గా దొరుకుతుందనేవాళ్ల మాట మాత్రం నమ్మొద్దు. ఆ మిగిలే డబ్బు ఎవరి ప్రాణం ఖరీదో చెప్పలేం. తెగిన డాలీ ముందుగా గుద్దేది ఎవరినో కాదు... పక్క వరసలో పిల్లల్ని ఎక్కించుకుని వెళ్తున్న ఏ పాపమూ ఎరగని కుటుంబాన్నే.

క్వార్ట్‌సైట్‌లాంటి చోట పాత డాలీలు అమ్మకానికి కనబడుతుంటాయి. పాతది కొంటే టైరు గీతలు కాదు, పుట్టినరోజు చూడాలి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. '3519' అని ఉంటే 2019లో 35వ వారంలో తయారైందని అర్థం. ఏడాదిలో నాలుగురోజులే తిరిగిన డాలీకి గీతలు కొత్తవాటిలాగే ఉంటాయి. రబ్బరు మాత్రం ఎడారి ఎండకి పగుళ్లిచ్చి ఉంటుంది. టైర్లని పట్టి ఉంచే పట్టీలదీ అదే పరిస్థితి. అంచుల్లో దారాలు లేస్తుంటే ఆ పట్టీ పనికిరాదు. చక్రం మధ్యలోని బేరింగులకి చివరిసారి గ్రీజు ఎప్పుడు పెట్టారో అమ్మేవాణ్ని అడగాలి. జవాబు చెప్పలేకపోతే... పెట్టలేదన్నమాటే.

ఇద్దరూ ఉండాల్సిన పని

కారుని డాలీ మీదికి ఎక్కించడం ఒక్కరివల్ల అయ్యే పని కాదని ఎవరూ అనరుగానీ, ఇద్దరుంటే గొడవ తక్కువ... లేదా ఎక్కువ! నడిపేది ఒకరు, కిందనుంచి చెయ్యి ఊపేది ఇంకొకరు. అరవయ్యేళ్లు కాపురం చేసిన దంపతుల మధ్య కూడా మాటామాటా పెరిగేది ఈ అయిదు నిమిషాల్లోనే. అందుకే అనుభవమున్న జంటలు ముందే సైగలు అనుకుంటాయి. చెయ్యి పైకెత్తితే ఆగు. అంతే. అరుపులుండవు.

చదునైన చోట, డాలీ మెడా బండీ కారూ ఒకే గీతలో ఉండేలా నిలపాలి. ముందు డాలీని బండికి తగిలించాలి. బండి వెనకున్న ఇనుప బంతి మీద డాలీ మెడ చివరున్న టోపీలాంటి కప్లర్ కూర్చుంటుంది. బంతి కొలతా టోపీ కొలతా ఒకటే అయ్యుండాలి. చిన్న బంతి మీద పెద్ద టోపీ కూడా కూర్చుంటుంది, గొళ్లెం కూడా పడుతుంది... మొదటి గతుకులో లేచిపోతుంది. గొళ్లెం పడ్డాక మెడ పట్టుకుని పైకి లాగి చూడటం అందుకే. ఆ తర్వాత రెండు గొలుసులు. వాటిని మెడ కిందనుంచి అడ్డంగా, ఒకదానిమీదుగా ఇంకోటి వెళ్లేలా తగిలించాలి. ఎప్పుడైనా కప్లర్ ఊడినా మెడ రోడ్డుమీద పొడుచుకోకుండా ఆ గొలుసుల ఊయల్లో పడుతుంది.

ఇప్పుడు కారు. నెమ్మదిగా ర్యాంపులెక్కించి, ముందు చక్రాలు అడ్డుపట్టీని తాకేదాకా తేవాలి. టైర్ల మీదుగా వెడల్పాటి పట్టీలు వేసి రాచెట్‌తో బిగించాలి. కారుకి విడిగా గొలుసు. స్టీరింగుకి తాళం పడాలా, వదులుగా ఉండాలా అన్నది డాలీని బట్టి ఉంటుంది. దానిమీది పలక చదవాల్సిందే. చివరగా మర్చిపోకూడనిది హ్యాండ్ బ్రేకు. అది దించకుండా బయల్దేరితే వెనక టైర్లు తిరగవు, రోడ్డుకి రాసుకుంటూ వస్తాయి. ముందున్న పెద్ద బండిలో కూర్చున్నవాళ్లకి ఆ సంగతే తెలియదు. పక్కన పోయేవాళ్లు హారన్ కొట్టి పొగ చూపించేదాకా!

ఆ మాటకొస్తే డాలీ టైరు పేలినా ముందు సీట్లో తెలియదు. అందుకే గాలి తగ్గితే కూత పెట్టే చిన్న యంత్రాల్ని ఈ టైర్లకీ పెట్టుకుంటారు. కారు వెనక లైట్లు ముందుబండి లైట్లతోపాటు వెలగాలి. అందుకు వైరు లాగాలి లేదా అయస్కాంతంతో అతుక్కునే లైట్లు పెట్టాలి. ఇవన్నీ అయ్యాక నాలుగైదు మైళ్లు వెళ్లి ఆగాలి. పట్టీలు తప్పకుండా కాస్త వదులై ఉంటాయి.

వెనక్కి దారి లేదు

డాలీ కట్టిన బండికి లేనిది ఒకటే... రివర్స్!

మన పల్లెల్లో ట్రాక్టరు డ్రైవర్లు ట్రక్కుని కళ్లం దాకా అలవోకగా వెనక్కి పెట్టేస్తారు. అదేం బ్రహ్మవిద్యా అనిపిస్తుంది. కానీ అక్కడున్నది ఒకటే కీలు. ఇక్కడ రెండు. బండికీ డాలీకీ మధ్య ఒకటి, డాలీకీ కారుకీ మధ్య ఇంకొకటి. ఒకటి ఎడమకి మళ్లితే రెండోది కుడికి. నాలుగడుగులు వెనక్కి వెళ్లేసరికి డాలీ అడ్డం తిరిగి, కారు రెక్కలు దానికి గుద్దుకుంటాయి. ఎంతటి మొనగాడైనా చేతులెత్తేయాల్సిందే. వెనక్కి వెళ్లాల్సివస్తే ఒకటే మార్గం. పట్టీలు విప్పి, కారు దించి, డాలీ ఊడదీసి, అన్నింటినీ విడివిడిగా తిప్పుకుని మళ్లీ కట్టుకోవాలి. ఇరుకు సందులో, వెనక పది కార్లు హారన్లు కొడుతుంటే!

అందుకే ఈ బండి నడిపేవాళ్ల చూపే వేరు. పెట్రోలు బంకు కనిపిస్తే పెట్రోలు ధర చూడరు, బయటికి వెళ్లే దారి ఎటుందో చూస్తారు. లారీలు ఆగే పెద్ద బంకులే నయం. హోటలు ముందు ఖాళీ స్థలముంటే లోపలికి దూసుకెళ్లరు. రోడ్డుపక్కన ఆగి, ఒకరు దిగి నడిచి చూసొస్తారు. క్వార్ట్‌సైట్‌లో మకాం పెట్టేటప్పుడూ అంతే. ముందు కారు దించి, అందులో ఎడారంతా ఓ చుట్టు తిరిగి, గుంతల్లేని చోటు చూసుకుని, అప్పుడు ఇంటిని తీసుకెళ్తారు. మలుపుల్లోనూ అంతే జాగ్రత్త. మరీ దగ్గరగా తిరిగితే వెనకున్న కారు అడ్డదారిన ఫుట్‌పాత్ ఎక్కేస్తుంది.

మనవాళ్ల మూటాముల్లె

ఆర్వీల్లో తిరిగే తెలుగువాళ్లు ఎక్కువమంది ఉండకపోవచ్చు. డాలీతో పనిపడే తెలుగువాళ్లకి మాత్రం కొదవలేదు. ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఉద్యోగం, ఆర్నెల్లు తిరిగేసరికి కాలిఫోర్నియాలో ఇంకో ఉద్యోగం. సోఫా, మంచాలు, గ్రైండరు, దేవుడి మందసం... అన్నీ ఓ అద్దె ట్రక్కులో సర్దేసి, కారుని వెనక డాలీ మీద కట్టుకుని బయల్దేరడమే. సామాను మీరే తీసుకెళ్లండి, బండి మేమిస్తాం అనే ఈ పద్ధతికి బాట వేసింది యూ-హాల్ సంస్థ. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో వాషింగ్టన్ రాష్ట్రంలోని రిడ్జ్‌ఫీల్డ్‌లో లియొనార్డ్ షోయెన్, ఆయన భార్య అన్నా మేరీ దాన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు దాని ప్రధాన కార్యాలయం ఉన్నది ఫీనిక్స్‌లోనే.

డాలీ అద్దెకి అడిగితే ముందు కారు పేరు, మోడల్, తయారైన సంవత్సరం అడుగుతారు. అక్కడ నిజం చెప్పాలి. లాగే బండి, లాగించుకునే కారుకన్నా బరువుగా ఉండాలన్నది నిబంధన. వేగం 55 మైళ్లు... అంటే 88 కిలోమీటర్లు దాటకూడదు. డాలీ మీదున్న కారులో మనుషులు కూర్చోకూడదు. ఇది తెలియక చివరి నిమిషంలో తలపట్టుకునే కుటుంబాలుంటాయి. ట్రక్కు ముందుభాగంలో ఇద్దరు ముగ్గురికే చోటు. భార్యాభర్తా, ఇద్దరు పిల్లలూ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలూ అయితే... ఎవరు ట్రక్కులో, ఎవరు విమానంలో అన్నది ముందే తేల్చుకోవాలి. తన కారు బీమా డాలీ మీదున్నప్పుడు కూడా వర్తిస్తుందో లేదో ఓ ఫోన్ చేసి కనుక్కోవడం ఇంకో పని.

ఫీనిక్స్ దాటాక రోడ్డు కత్తితో గీసినట్టుంటుంది. వేగం బోర్డు మీద 75 మైళ్లని ఉంటుంది. పక్కనుంచి పద్దెనిమిది చక్రాల లారీలు రయ్యిమని వెళ్తుంటాయి. ఆ గాలికి వెనకున్న కారు ఊగినట్టనిపిస్తే గాభరాపడి బ్రేకు తొక్కకూడదు. స్టీరింగు నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ మీదనుంచి కాలు తీయాలి. ఊపు దానంతటదే తగ్గుతుంది. అయినా తగ్గకపోతే పక్కకి తీసి పట్టీలూ టైర్లూ చూడాల్సిందే. రెండు గంటల పైచిలుకు ప్రయాణం తర్వాత ఎడమవైపు తెల్లతెల్లగా మెరుస్తూ క్వార్ట్‌సైట్ ఆర్వీలు కనిపిస్తాయి. ఇక్కడ ఆగి టీ తాగుతూ, ఆ పెద్దవాళ్లు డాలీలు ఎలా కట్టారో ఓ కన్నేసినా బోలెడు నేర్చుకోవచ్చు.

అక్కణ్నుంచి ఎహ్రెన్‌బర్గ్. ఆపైన కొలరాడో నది వంతెన. అరిజోనా అయిపోయి కాలిఫోర్నియా మొదలు. ఎడారి మధ్యలో ఒక్కసారిగా బ్లైత్ పొలాలు పచ్చగా పలకరిస్తాయి. అంతా నది నీళ్ల చలవ. ఇక్కడినుంచి ఏదైనా లాగుతూ వెళ్లే బండికి రాష్ట్ర చట్టమే 55 మైళ్ల హద్దు పెట్టింది. అద్దె డాలీదీ అదే వేగం కాబట్టి మనవాళ్లకి కొత్తగా పోయేదేం లేదు.

బ్లైత్ దగ్గర రోడ్డుకి అడ్డంగా తనిఖీ కేంద్రం ఉంటుంది. పోలీసులది కాదు, వ్యవసాయ శాఖది! పళ్లూ మొక్కలూ ఏమైనా తెస్తున్నారా అని అడుగుతారు. మనవాళ్లు గతుక్కుమనేది ఇక్కడే. నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే తెగులుని మోసుకొచ్చే పురుగు ఒకటుంది. దానికి కరివేపాకు మొక్క కూడా ఇష్టమే. కరివేపాకూ నిమ్మా ఒకే కుటుంబానికి చెందినవి మరి. అందుకే దాన్ని ఒక చోటు నుంచి ఇంకో చోటికి తీసుకెళ్లడం మీద ఆంక్షలున్నాయి. మూడేళ్లు నీళ్లుపోసి, చలికి దుప్పటి కప్పి పెంచిన మొక్క అని ఎంత చెప్పినా అక్కడ చెల్లదు. బయల్దేరేముందే దాన్ని చాండ్లర్‌లోని స్నేహితులకి ఇచ్చి రావడం మేలు.

తనిఖీ దాటి మరో పావుగంట వెళ్తే వైలీస్ వెల్ విశ్రాంతి స్థలం వస్తుంది. లారీలు ఒకవైపు నుంచి లోపలికెళ్లి ఇంకోవైపు నుంచి బయటికొచ్చేలా ఉంటుంది కాబట్టి డాలీ ఉన్నవాళ్లకీ ఇబ్బందిలేదు. పిల్లలు బాత్రూముకి పరుగెడతారు, అత్తగారు పులిహోర డబ్బా మూత తీస్తారు. అల్లుడుగారు మాత్రం ముందు వెనక్కి నడవాలి. డాలీ చక్రాల మధ్యలో చెయ్యి దగ్గరగా పెట్టి చూడాలి. సెగ కొడుతుంటే బేరింగు గ్రీజు అడుగుతోందన్నమాట. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. రాచెట్ ఇంకో రెండు పళ్లు తిప్పాలి, గొలుసులు నేలకి రాసుకోవడం లేదని చూడాలి. ముందు చిరియాకో సమ్మిట్ దగ్గర పొడవాటి వాలుంది. ఆ తర్వాత గాలిమరలు బారులు తీరిన సాన్ గొర్గోనియో కనుమలో ఈడ్చి కొట్టే గాలి ఉంటుంది. లాస్ ఏంజెలిస్ ఇంకా రెండొందల మైళ్లు.